దీపం మీద దాత పేరు

మంచి పని చేసినవాడు కనబడగానే మనకి మొట్టమొదట కలిగే సందేహం ఒకటుంది: "ఇందులో ఆయనకేం లాభమో!" ఒకాయన వీధిలో చలివేంద్రం పెట్టించాడనుకోండి. ఎండన పడి వచ్చి, చల్లటి నీళ్లు రెండు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుంటూ, "వచ్చే ఎన్నికల్లో నిలబడతాడు కాబోలు" అంటాం. ఇంకొకాయన బడికి బెంచీలు కొనిచ్చాడనుకోండి. "ఇన్‌కంటాక్సు తగ్గుతుందిగా, ఎందుకివ్వడూ!" అంటాం. ఆ బెంచీల మీద కూర్చునేది మన పిల్లలే. ఆ నీళ్లు తాగింది మనమే. అయినా దాత మనస్సులోకి ఒక్కసారి తొంగి చూస్తేగాని మనకి తోచదు.

ఇది వట్టి ఓర్వలేనితనమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. దేవాలయాల్లో భక్తులు సమర్పించిన ట్యూబులైట్లు మీరు చూసే వుంటారు. దాత పేరు, తండ్రి పేరు, ధర్మపత్ని పేరు, ఊరి పేరు, అన్నీ ఎర్రరంగుతో ఆ గాజుగొట్టం మీదనే రాయిస్తారు. పేరు పొడుగయినకొద్దీ వెలుతురు తగ్గుతుంది. కుటుంబం మరీ పెద్దదయితే, ప్రదక్షిణం చేసేవాళ్లు తడుముకుంటూ నడవాలి. ఇక్కడ స్వార్థం పుణ్యాన్ని ఎంత తగ్గించిందో చిత్రగుప్తుడికి తెలియాలిగాని, వెలుతురును తగ్గించిన మాట మాత్రం మన కళ్లకే తెలుస్తోంది.

కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. స్వార్థంతో చేసిన మంచిపనికి విలువ తగ్గుతుందా? యూనివర్సిటీ చెట్ల కింద, తార్నాకా చౌరస్తా టీకొట్ల దగ్గర, ఏటా కొత్తగా వచ్చిన విద్యార్థులు దీన్ని తమ సొంత ప్రశ్నలాగా వాదించుకుంటారు. వాళ్లు పుస్తకాలు తిరగెయ్యవలసిందే. కాని తమ చుట్టూ వున్న మేడలవంక కూడా ఒకసారి తేరిపార చూడాలి. ఆ నాలుగు వీధుల్లోనే ఈ వ్యాజ్యానికి కావలసిన సాక్షులు నిలబడి వున్నారు.

పెద్దల మాట

ఈ విషయంలో పెద్దలంతా ఒకే తీర్పు చెప్పలేదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు తరగతులు చేసింది. ఇవ్వడం తన విధి అనుకుని, తిరిగి ఉపకారం చెయ్యలేనివాడికి, తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం ఆశించో, నొచ్చుకుంటూనో ఇచ్చేది రాజసం. వేళాపాళా లేకుండా, అపాత్రుడికి, అవమానించి ఇచ్చేది తామసం. ఇందులో గమనించవలసిన సంగతి ఏమంటే, రాజసదానాన్ని కింది వరుసలో కూర్చోబెట్టారేగాని పంక్తిలోంచి లేపెయ్యలేదు. అదీ దానమే.

తైత్తిరీయోపనిషత్తు ఇంకొంచెం ఉదారంగా కనిపిస్తుంది. చదువు ముగించి ఇంటికి పోయే శిష్యుడికి గురువు చెప్పే హితవు అందులో వుంది. మన స్నాతకోత్సవాల్లో ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. శ్రద్ధతో ఇమ్మన్న గురువు అక్కడితో ఆగలేదు. సిగ్గుతోనూ ఇమ్మన్నాడు, భయంతోనూ ఇమ్మన్నాడు. దీనికి వినయమనీ, పాపభీతి అనీ వ్యాఖ్యాతలు రకరకాలుగా అర్థం చెప్పారు. పాఠాలు చెప్పుకుని బతికే మావంటివాళ్లకు మాత్రం అందులో అనుభవశాలి అయిన ఒక మేష్టారు కనిపిస్తాడు. శిష్యులందరి మనస్సులూ ఒక్క అచ్చులో పోసినవి కావని ఆయనకి తెలుసు.

ఇక మన బలిచక్రవర్తి సంగతి. వచ్చినవాడు మామూలు వటువు కాడు, ఇవ్వవద్దని శుక్రాచార్యులవారు వారిస్తే, పోతనగారి బలి ఏం జవాబు చెప్పాడు? రాజ్యాలేలి విర్రవీగిన రాజులెవరూ సిరిని వెంట తీసుకుపోలేదనీ, కీర్తి కోరి ఇచ్చిన శిబి మొదలయినవారినే లోకం ఇంకా మరచిపోలేదనీ చెప్పాడు. దాతల్లోకెల్లా దాత అనిపించుకున్నవాడే పేరు మీది మమకారాన్ని దాచుకోలేదన్నమాట! తెలుగునాట ఆ పద్యం విననివాళ్లు అరుదు. విని బలిని స్వార్థపరుడన్నవాళ్లు ఇంకా అరుదు.

పశ్చిమదేశాల్లోనూ ఇదే తగువు. 1785లో అచ్చయిన పుస్తకంలో కాంట్ అనే జర్మను తత్త్వవేత్త ఒక దుకాణదారు ఉదాహరణ చెప్పాడు. చిన్నపిల్లవాడు సరుకు కోసం వచ్చినా ఆ దుకాణదారు అందరికీ చెప్పిన ధరే చెబుతాడు. కాని ధర్మమని కాదు, బేరం పోకుండా వుండాలని. చేసింది సరయిన పనేగాని దానికి నైతికమైన విలువ లేదని కాంట్ తేల్చాడు. 1861లో ఇంగ్లీషు తత్త్వవేత్త మిల్ మరోవిధంగా చెప్పాడు. నీటిలో మునిగిపోయేవాణ్ని గట్టుకు చేర్చడం మంచిపనే. చేర్చినవాడు ధర్మమనుకున్నా, బహుమానం దొరుకుతుందనుకున్నా ఆ పని మంచి తగ్గదు. ఉద్దేశం వల్ల తేలేది చేసినవాడి గుణమే అన్నాడు.

అంటే లెక్కలు రెండున్నాయి. ఒకటి పుచ్చుకున్నవాడి లెక్క, రెండోది ఇచ్చినవాడి లెక్క. ఒడ్డుకు చేరినవాడి ఊపిరిలో రక్షించినవాడి ఉద్దేశం కలవదు. ఈ మాత్రం చెప్పి ఇంటికి పోవచ్చు. కాని అలా పోతే ట్యూబులైటు సంగతి తేలదు. అక్కడ దాత ఉద్దేశం దాత మనస్సులోనే ఉండిపోలేదు; దిగివచ్చి దీపానికి అడ్డం నిలబడింది. అది ఎప్పుడు అలా దిగివస్తుంది, ఎప్పుడు రాదు? తెలుసుకోవలసింది అదీ.

నిజాముగారి యూనివర్సిటీ

తార్నాకా నుంచి యూనివర్సిటీ రోడ్డున నడిచి వెడితే ఆర్ట్సు కాలేజీ మేడ ఎదురవుతుంది. ఏడో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1917లో ఫర్మానా ఇచ్చి, 1918లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఇది. ఈ మేడకు 1934లో పునాదిరాయి పడింది. 1939 డిశంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది.

ఇందులో రాజుగారికి స్వార్థం లేదనడానికి వీల్లేదు. పేరే సాక్ష్యం: అది ఉస్మానియా. అంతకు పూర్వం ఇక్కడి నిజాము కాలేజీ పిల్లలు మద్రాసు యూనివర్సిటీ పరీక్షలకు కూర్చునేవారు. సొంత యూనివర్సిటీ వుండడం సంస్థానానికి దర్జా. తన దర్బారు భాష అయిన ఉర్దూలో చదువుకుని, తన కొలువులో కుదురుకునే ఉద్యోగులు తయారుకావడం ప్రభుత్వానికి సదుపాయం. కీర్తి, దర్జా, సదుపాయం: మూడూ స్వార్థాలే.

అయితే ఈ స్వార్థం ఏం చేసిందో చూడండి. బోర్డు కట్టి ఊరుకుంటే కీర్తి రాదు. పదిమంది పండితులు వచ్చి చూసి మెచ్చుకుంటేనే వస్తుంది. అందుకని 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాదశాల పెట్టి, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి దింపించారు. వైద్యమూ ఇంజనీరింగూ కూడా ఒక దేశభాషలో చెప్పిన యూనివర్సిటీ అయింది. ఇంగ్లీషు లేకుండా పెద్దచదువు సాగదని నమ్మిన రోజుల్లో అది సామాన్యమైన సాహసం కాదు. కట్టడాల కోసం ఇద్దరు వాస్తుశిల్పులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పిని రప్పించారు. తన పేరు నిలబడాలంటే రాయి గట్టిగా వుండాలి, చదువూ గట్టిగా వుండాలి. రాజు గొప్ప, ప్రజల మేలు, రెండూ ఒకే బండికి కట్టిన ఎద్దుల్లాగా ఒక దారినే నడిచాయి.

అవి విడిపోయిన చోట్లు కూడా వున్నాయి. సంస్థానంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. రాయప్రోలు సుబ్బారావుగారివంటి కవి తెలుగుశాఖలో పాఠం చెప్పిన మాట నిజమే; కాని చరిత్రా, లెక్కలూ, వైద్యమూ తెలుగులో చదువుకునే అదృష్టం తెలుగువాడికి కలగలేదు. దేశభాష అన్న ఆదర్శం దర్బారు భాష దగ్గర ఆగిపోయింది.

1938 ఆఖరులో ఇంతకంటె పెద్ద పరీక్ష వచ్చింది. విద్యార్థులు హాస్టళ్ల ప్రార్థనమందిరాల్లో వందేమాతరం పాడుకుంటున్నారు. పాడకూడదని అధికారులు శాసించారు. పిల్లలు సమ్మె చేశారు. వందలాది మంది చదువు పోగొట్టుకున్నారు. అప్పుడు వారిలో చాలామందిని ఆదరించి చేర్చుకున్నది నాగపూరు విశ్వవిద్యాలయం. వరంగల్లు కాలేజీలో చదువుతున్న పి.వి. నరసింహారావుగారు కూడా అట్లాగే నాగపూరు చేరినవారు. 1991లో ఆయన దేశానికి ప్రధానమంత్రి అయ్యారు. చదువు ఇవ్వడం రాజుకు సంతోషమే. చదువుకున్నవాడు తన పాట తాను పాడుకోవడం సంతోషం కాదు. దానంలో ఏ మూల స్వార్థం దాగి వుందో ఆనాడు బయటపడింది.

ఇప్పుడు ఆ మేడను చూసి ఏమందాం? స్వార్థంతో కట్టింది గనక కూల్చమంటామా? రాజరికం పోయింది, 1948 తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది, సంస్థానంలోని పల్లెల్లో పుట్టిన రైతుబిడ్డలు, కూలివారి బిడ్డలు ఆ మెట్లెక్కి పట్టాలు పుచ్చుకున్నారు. ఇచ్చినవాడి ఉద్దేశం ఇచ్చినవాడితో పోయింది. ఇచ్చింది మిగిలింది.

బంగారం కథ

అదే నిజాముగారి గురించి ఇంకో కథ హైదరాబాదులో ఇంటింటా చెప్పుకుంటారు. 1965 యుద్ధం తర్వాత ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు అడిగితే, నిజాము అయిదువేల కిలోల బంగారం దేశానికి దానం చేశాడనీ, ఇనప్పెట్టెలు మాత్రం ఖాళీచేసి తిరిగి పంపమన్నాడనీ. కథ బాగుంది. నిజం వేరు. ఆయన ఇచ్చింది 425 కిలోలు. ఇచ్చింది దానంగా కాదు, జాతీయ రక్షణ బంగారు బాండ్ల పథకంలో పెట్టుబడిగా. ఆ బాండ్ల మీద ఏటా కొంత వడ్డీ వస్తుంది. గడువు తీరాక బంగారానికి బంగారమే తిరిగి ఇస్తారు. అది ఎలా సంపాదించావని పన్నులవాళ్లు అడగరు. అయిదువేల కిలోల దానం గురించి సమాచార హక్కు చట్టం కింద అడిగితే అటువంటి వివరమేదీ తమ దగ్గర లేదని ప్రధానమంత్రి కార్యాలయం జవాబిచ్చినట్టు 2018లో పత్రికల్లో వచ్చింది.

దాంతో నిన్నటిదాకా దానకర్ణుడన్న నోళ్లే, "ఓస్, వడ్డీకిచ్చాడా!" అన్నాయి. ఈ రెండు మాటలూ తొందరపాటే. ఆనాడు ప్రభుత్వానికి కావలసింది నిజాముగారి త్యాగనిరతికి రుజువు కాదు; అత్యవసరంగా బంగారం. మనుషులు ఎంత త్యాగం చేస్తారో, ఎక్కడ ఆగిపోతారో తెలిసినవాళ్లే ఆ పథకం రాశారు. అందుకే వడ్డీ పెట్టారు, తిరిగిస్తామన్నారు, ప్రశ్నలు వెయ్యమన్నారు. దాన్ని దానమని పొగడడం అబద్ధం. అప్పు గనక అందులో మంచే లేదనడం ఇంకొక అబద్ధం. అవసరానికి అప్పిచ్చినవాణ్ని మన శతకకారులు కూడా తక్కువ చెయ్యలేదు.

సీసాలో రక్తం

స్వార్థం ఎప్పుడు చెడుపు చేస్తుందో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రశ్న వేసుకుంటే చాలునని నాకు తోస్తుంది. ఈ స్వార్థం తీరాలంటే పని నిజంగా జరగాలా? లేక జరిగినట్టు కనబడితే చాలునా?

కాలేజీల్లో రక్తదాన శిబిరాలు పెడుతూ వుంటారు. పడుకుని లేచిన పిల్లవాడికి ఒక పళ్లరసం, ఒక బిస్కట్ల పొట్లం, ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. సర్టిఫికెట్టు కోసమే వచ్చేవాళ్లు కొందరుంటారు. స్నేహితుల ముందు వెనకాడకూడదని వచ్చేవాళ్లు కొందరు. వాళ్ల రక్తం ఎక్కించుకున్న బాలింతకు ఈ తేడా తెలియదు. మరి అటువంటప్పుడు డబ్బు ఇచ్చి రక్తం కొంటే మాత్రం తప్పేమిటి? పళ్లరసం పుచ్చుకోవచ్చుగాని, పది నోట్లు పుచ్చుకోకూడదా?

మన దేశంలో ఒకప్పుడు పుచ్చుకునేవారు. ఆస్పత్రుల గేట్ల దగ్గర రక్తం అమ్ముకుని జీవించేవాళ్లుండేవారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువల్ల 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం నిషేధమయింది. కారణం నీతిశాస్త్రం మాత్రమే కాదు. డబ్బుకోసం వచ్చినవాడికి కామెర్లు వచ్చిన సంగతి, కిందటి వారమే ఇంకోచోట ఇచ్చిన సంగతి దాచుకోవలసిన అవసరం వుంది. చెబితే ఆ పూట గడవదు. కొత్తగా సోకిన జబ్బులు కొన్నాళ్లదాకా ఎంత మంచి పరీక్షకూ చిక్కవు; ఆ నాళ్లలో రోగిని కాపాడేది దాత నోటి నిజం ఒక్కటే. 1970లో రిచర్డ్ టిట్మస్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు ఇంగ్లండులోని దానపు రక్తాన్నీ, అమెరికాలోని అమ్మకపు రక్తాన్నీ పోల్చి పెద్ద పుస్తకమే రాశాడు. కొన్న రక్తంలోనే ప్రమాదం ఎక్కువని చూపించాడు.

ఇక్కడ స్వార్థం సీసాలోకే దిగింది. డబ్బు కావలసినవాడికి సీసా నిండితే చాలు, రక్తం మంచిదై వుండనక్కరలేదు. సర్టిఫికెట్టు కుర్రవాడికి అటువంటి అవసరం తక్కువ. ఒంట్లో బాగాలేదని నిజం చెప్పి వెనక్కిపోతే అతనికి పోయేది ఒక కాగితమే. అతను కూతురి జబ్బుకు మందు కొనవలసిన కూలివాడిలాగా అబద్ధానికి కట్టుబడి లేడు. ఇందులో కూలివాణ్ని నిందించడానికి ఏమీ లేదు. అబద్ధమాడితేగాని అన్నం దొరకని ఏర్పాటు చేసినవాళ్లది తప్పు.

తార్నాకా మందు

డబ్బాశ వున్నచోటల్లా ఇంతేనా? అయితే తార్నాకాలోనే వున్న ఇంకొక సాక్షిని పిలవాలి. చౌరస్తా నుంచి హబ్సిగూడా వైపు పోతుంటే భారత రసాయన సాంకేతిక సంస్థ కనిపిస్తుంది. 1944లో హైదరాబాదు సంస్థానం స్థాపించిన పరిశోధనశాల అది. 1956లో ప్రాంతీయ పరిశోధనశాల అయింది. 1989లో ఇప్పటి పేరు వచ్చింది. ఆళ్ల వెంకట రామారావుగారు డైరెక్టరుగా వున్న కాలంలో అక్కడి శాస్త్రజ్ఞులు జిడోవుడిన్ అనే ఎయిడ్సు మందును తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1970 పేటెంటు చట్టం ప్రకారం ఆ రోజుల్లో మన దేశంలో మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికే వుండేది. అందుచేత కొత్త పద్ధతి కనిపెట్టినవాడికి దారి దొరికింది. బొంబాయి సిప్లా కంపెనీ ఆ పద్ధతి పుచ్చుకుని 1993లో మందును బజారులోకి తెచ్చింది.

ఆ విధంగా ఈ రంగంలో కాలుపెట్టిన కంపెనీ, 2001లో మూడు మందులు కలిసిన ఎయిడ్సు చికిత్సను రోగికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ఒక అంతర్జాతీయ వైద్యసేవాసంస్థకు చెప్పింది. రోజుకు ఒక్క డాలరు లోపు. ధనికదేశాల్లో అప్పుడు అటువంటి చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లు దాటేది. ఆఫ్రికా దేశాల్లో మందుకు నోచుకోక చచ్చిపోతున్నవాళ్లకి ఆ ధర ప్రాణం పోసింది.

సిప్లా సత్రవు కాదు, వ్యాపారం. దాని అధిపతి యూసుఫ్ హమీద్‌గారి మనస్సులో కరుణ ఎంత, కీర్తికాంక్ష ఎంత, కొత్త బజారు మీది ఆశ ఎంత అని తూచే త్రాసు మన దగ్గర లేదు. కాని నా చిన్న ప్రశ్న వేసి చూడండి. ఆ కంపెనీ ఆశ తీరాలంటే మందు పనిచెయ్యాలి. పనిచెయ్యని మందుతో ఒక నెల లాభం రావచ్చు. తనిఖీలున్నచోట పదేళ్లు పేరు నిలవదు. అదే డబ్బాశ తనిఖీ లేని సందులో వుంటే సుద్దముక్కను మాత్ర అని అమ్ముతుంది. ఆశ మారలేదు. ఒకచోట అది మేలుకు కట్టుబడింది, ఒకచోట కళ్లు గప్పడానికి కట్టుబడింది.

కాబట్టి లోకంలోని హృదయాలన్నీ కడిగి శుభ్రం చేశాకనే ధర్మకార్యాలు మొదలుపెట్టాలనడం జరిగే పని కాదు. మందుకు పరీక్ష, చందాకు రసీదు, అనాథాశ్రమానికి ఏడాదికోసారి లెక్కల తనిఖీ, వచ్చినవాళ్లు స్వేచ్ఛగా లోపలికి పోయి పిల్లలతో మాట్లాడే వీలు: ఇవి వుంటే స్వార్థం కూడా బుద్ధిగా బండి లాగుతుంది. ఇవి లేనప్పుడు నిస్వార్థపరుడి పేరు మీద కూడా మోసం జరిగిపోతుంది.

ఇంట్లో సంగతి

ఇంతవరకూ చెప్పింది రాజులకూ కంపెనీలకూ సరిపోయింది. ఇంట్లోకి వచ్చేసరికి ఇంకొక చిక్కుంది. కంబళి ఎవరిచ్చినా చలి ఆగుతుంది. కాని కొన్ని మంచిపనులు వున్నాయి, వాటిలో ఉద్దేశమే వస్తువు. దాన్ని తీసేస్తే ఏమీ మిగలదు.

పిల్లలు లేని పిన్నిగారికి జబ్బు చేసిందనుకోండి. ఆవిడ చేతి గాజుల మీద కన్నేసిన మేనకోడలు రోజూ వచ్చి పళ్లు కోసిపెడుతుంది. పళ్లలోని బలం పిన్నిగారికి పట్టకపోదు. కాని ఆవిడ ఎదురుచూసింది పళ్ల కోసమా? పక్కన కూర్చున్న పిల్ల తనకోసం కూర్చుందనుకోవడమే ఆవిడకి మందు. ఒకనాడు గాజుల సంగతి చెవినపడితే, తిన్న పళ్లన్నీ చేదవుతాయి. పలకరింపు, పరామర్శ, స్నేహం, ప్రేమ: వీటిలో లోపల ఒకటి, పైకి ఒకటి అయితే, పుచ్చుకున్నవాడి లెక్కలో కూడా సున్నాయే.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాయించుకుని, తర్వాత తిండీ బట్టా చూడకపోతే, ఆ దస్తావేజును రద్దుచేయించుకునే హక్కు పెద్దవాళ్లకి ఇచ్చారు. చాలా అవసరమైన చట్టం. పోతుందన్న భయంతోనైనా కొడుకు వేళకు మాత్రలు తెచ్చిస్తాడు, మాత్ర పనిచేస్తుంది. పొద్దున్నే "నాన్నగారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగించడం మాత్రం ఏ ట్రిబ్యునలుకూ చేతకాదు. ఆ ప్రశ్న అడిగినప్పుడు కూడా అది నాన్నగారి కోసమా, ఇంటి కోసమా అన్నది, అడిగినవాడి కంటె ముందు ఆయనకే తెలిసిపోతుంది.

ఏం చేద్దాం?

ఎదుటివాడి మంచిపనిని చూసినప్పుడు అతని మనస్సు జోలికి పోకుండా, పని ఎంతవరకు జరిగిందో చూడడం మేలు. చలివేంద్రంలో నీళ్లు శుభ్రంగా వున్నాయా? ఎన్నికల తర్వాత కూడా కుండ నిండుతోందా? నిండకపోతే అప్పుడు గట్టిగా అడగండి. నిండుతుంటే ఆయన ఓట్లు ఆయనకి పోనివ్వండి. "నీకేం లాభం?" అని ప్రతివాణ్నీ నిలదీస్తూపోతే, సిగ్గూ అభిమానమూ వున్నవాళ్లు మంచిపనులు మానుకుంటారు, వాటిని లక్ష్యపెట్టనివాళ్లే మిగులుతారు.

మన సంగతికి వచ్చినప్పుడు మాత్రం కాంట్‌గారి కళ్లజోడు పెట్టుకోవాలి. అది మన ముక్కుకి సరిపోయేట్టు చేసిందేగాని, పక్కింటివారి ముక్కుకి కాదు. ఎవరూ చూడకపోయినా, రసీదు రాకపోయినా, ఈ పని చేస్తానా? ఎప్పుడూ చేస్తానని జవాబు రాకపోవచ్చు. అందుకని చేస్తున్నది మానుకోనక్కరలేదు.

విద్యార్థుల విషయంలో ఇది కళ్లారా చూస్తూ వుంటాం. జాతీయ సేవాపథకం 1969లో మొదలయింది. "నేను కాదు, నువ్వు" అన్నది దాని నినాదం. అందులో చేరే కుర్రవాళ్లలో చాలామంది మొదటి రోజున వేసే ప్రశ్న, "సర్టిఫికెట్టు ఎప్పుడిస్తారండీ?" అని. నినాదానికీ ఈ ప్రశ్నకీ పొంతన లేదని కోపగించుకునే అధ్యాపకులున్నారు. కోపం అనవసరం. కాగితం ఇవ్వవలసిందే, రోజులు లెక్కపెట్టి, నాటిన మొక్కలు బతికాయో లేదో చూసి మరీ ఇవ్వాలి. అట్లా కాగితం కోసం వచ్చిన కుర్రవాడు బస్తీలో ఒక ముసలమ్మకి పింఛను దరఖాస్తు రాసిపెడతాడు. ఆమె వాడి తలమీద చెయ్యి వేస్తుంది. మరునెల, శిబిరం అయిపోయాక కూడా, పింఛను వచ్చిందో లేదో కనుక్కోవడానికి వాడు ఒక్కడూ వెడతాడు. అందరూ వెళ్లరు. కొందరు వెడతారు. ఆ వెళ్లడానికి సర్టిఫికెట్టు లేదు.

ఇక మన ట్యూబులైటు దాతగారు. పేరు మీద మోజు వద్దని ఆయనకి చెప్పలేం, బలిచక్రవర్తికే తప్పలేదు. పేరు గాజుగొట్టం మీద కాక, పక్కన గోడమీద రాయించుకోమని మాత్రం చెబుదాం. అప్పుడు దీపం బాగా వెలిగితేనే ఆయన పేరు కూడా కనబడుతుంది. మాడిపోయిన రోజున కొత్తది తెచ్చి పెట్టించే బాధ్యత ఆయనే, ఎవరూ అడక్కుండా, నెత్తిన వేసుకుంటాడు.